“ఇంటికి తీసుకెళ్ళండి” అన్నాక: హాస్పిస్ సేవను ఎలా వెతకాలి, ఎలా అర్థం చేసుకోవాలి

“ఇక మా చేతుల్లో ఏం లేదమ్మా. ఇంటికి తీసుకెళ్ళండి, ఉన్నన్నాళ్ళు బాగా చూసుకోండి.”

అమ్మకి పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలిన ఐదో నెలలో ఒక డాక్టర్ గారు మాతో అన్న మాట ఇది. ఫైలు పట్టుకుని బయటికి వచ్చేశాం. ఆ తర్వాత పదకొండు రాత్రులు అమ్మ పడుకోలేదు. పొట్టలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి. వెల్లకిలా పడుకుంటే ఇంకా ఎక్కువయ్యేది. ఒళ్ళో దిండు పెట్టుకుని, ముందుకు వంగి మంచం మీద అలాగే కూర్చునేది. మేం మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలే మార్చి మార్చి వేస్తూ ఉన్నాం. పన్నెండో రోజు మా వీధిలో ఉండే ఒక నర్సు చూసి, “పాలియేటివ్ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళలేదా?” అని అడిగింది. అలాంటిది ఒకటుందని మాకు అప్పటిదాకా తెలియదు. వెళ్ళాం. మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు మొదలుపెట్టారు. ఆ రాత్రి అమ్మ ఐదు గంటలు నిద్రపోయింది.

ఆ పదకొండు రాత్రులు మా అమ్మ పడాల్సినవి కావు. మీ ఇంట్లో ఎవరికీ అలాంటివి రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు, ఈ మాటలకు అర్థం ఏంటో చూద్దాం

పాలియేటివ్ కేర్ అంటే జబ్బును నయం చేయడం కాకుండా జబ్బు పెట్టే బాధను తగ్గించే వైద్యం. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, నిద్రలేమి, భయం, ఇంట్లోవాళ్ళ టెన్షన్ అన్నీ దీని కిందికే వస్తాయి. తెలుగులో ఉపశమన వైద్యం అంటారు గానీ, ఆసుపత్రిలో ఆ మాట చెబితే చాలామందికి తెలియదు. “పాలియేటివ్” అనే అడగండి. కీమో, రేడియేషన్ నడుస్తుండగానే దీన్ని కూడా తీసుకోవచ్చు. ఒకటి మొదలుపెట్టాలంటే ఇంకొకటి ఆపాలని లేదు.

హాస్పిస్ అంటే ఆ వైద్యంలోనే చివరి భాగం. జబ్బు ఇక తగ్గదని తేలాక, మిగిలిన నెలలో వారాలో బాధ లేకుండా గడిచేలా చూసే చోటు, లేదా అదే పని ఇంటికి వచ్చి చేసే బృందం. లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టర్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరవడంతో ఈ పద్ధతికి ఇప్పుడున్న రూపం వచ్చింది. ఆవిడ డాక్టర్ కాకముందు నర్సుగా, సోషల్ వర్కర్‌గా పనిచేశారు. నొప్పి ఒంటికే కాదు, మనసుకీ ఇంటికీ కూడా ఉంటుందని చెప్పింది ఆవిడే. మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబైలో వచ్చింది, శాంతి అవేదనా సదన్. కేరళలో కోళికోడ్ నుంచి 1993లో మొదలైన ఉద్యమం ఈ సేవను ఊళ్ళలోకి, ఇళ్ళలోకి తీసుకెళ్ళింది.

అమెరికాలో ఉన్న మీ అన్నయ్యో చెల్లెలో “హాస్పిస్ అంటే ఆరు నెలలేగా” అనొచ్చు. అది అక్కడి మెడికేర్ బీమా నిబంధన. ఆరు నెలలకు మించి బతకడం కష్టమని డాక్టర్లు రాసిస్తేనే అక్కడ హాస్పిస్ ఖర్చు బీమా భరిస్తుంది. ఇక్కడ అలాంటి లెక్క లేదు. బాధ ఉంటే ఏ దశలోనైనా వెళ్ళి పాలియేటివ్ డాక్టర్‌ను కలవొచ్చు.

ఇది క్యాన్సర్‌కి మాత్రమే కాదని కూడా గుర్తుపెట్టుకోండి. డయాలసిస్ ఇక వద్దనుకున్న కిడ్నీ రోగి, గుండె బలహీనమైపోయి నాలుగడుగులకే ఆయాసపడే పెద్దాయన, పక్షవాతంతో మంచానపడ్డ మనిషి, మతిమరుపు ముదిరి మింగడం కూడా మరిచిపోయిన అవ్వ. వీళ్ళందరికీ ఈ సేవ అవసరమే. కొన్ని హాస్పిస్‌లు క్యాన్సర్ రోగుల్నే చేర్చుకుంటాయి కాబట్టి ఫోన్‌లో ముందే అడిగి తెలుసుకోండి.

మొదటి పని: ఆ కుర్చీలోంచి లేవకముందే అడగండి

డాక్టర్ “ఇంటికి తీసుకెళ్ళండి” అనగానే తల తిరుగుతుంది. ఏం అడగాలో తోచదు. అందుకే అడగాల్సినవి ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకోండి.

“ఈ ఆసుపత్రిలో పాలియేటివ్ డాక్టర్ ఉన్నారా? లేకపోతే ఎవరి దగ్గరికి పంపిస్తారు?” ఇది అన్నిటికంటే ముఖ్యం. రిఫరల్ చీటీ రాయించుకోండి.

“ఇంటికెళ్ళాక నొప్పి పెరిగితే, రక్తం పడితే, ఊపిరి ఆడకపోతే ఏం చేయాలి? రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి?”

“టైమ్ ఎంత ఉండొచ్చు? నెలలా, వారాలా, రోజులా?” తేదీ చెప్పమంటే ఏ డాక్టరూ చెప్పరు, చెప్పలేరు కూడా. కానీ ఇలా అడిగితే చాలామంది నిజాయితీగా జవాబిస్తారు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలు ఎప్పుడు బయల్దేరాలో తేల్చుకోవడానికి ఈ జవాబు చాలు.

తర్వాత కాగితాలు. డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, చివరిగా తీసిన స్కాన్, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, ఆధార్. ఈ ఐదూ ఒకే కవర్లో పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటోలు కూడా తీసుకోండి. హాస్పిస్ వాళ్ళు మొదట అడిగేవి ఇవే.

రోగి ఐసీయూలో ఉండి, మీరే ఇంటికి తీసుకెళ్ళిపోవాలనుకుంటే ‘లామా’ అనే కాగితం మీద సంతకం పెట్టమంటారు. డాక్టర్ సలహాకు వ్యతిరేకంగా తీసుకెళ్తున్నామని దాని అర్థం. ఆ సంతకంతో వెళ్ళిపోయేవాళ్ళకు చాలాసార్లు నొప్పి మందు రాసిచ్చేవాళ్ళుండరు, ఎటు వెళ్ళాలో చెప్పేవాళ్ళూ ఉండరు. సంతకం పెట్టేముందు, “పాలియేటివ్ డాక్టర్‌ను ఒకసారి చూడనివ్వండి, ఇంటికి మందులు రాసివ్వండి” అని గట్టిగా అడగండి. అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.

రెండో పని: ఎక్కడుందో వెతకడం

హైదరాబాద్‌లో ఉంటే రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పేరు మొదట గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడి పాలియేటివ్ విభాగానికి దేశంలోనే మంచి పేరుంది, పిల్లలకు ఉపశమన వైద్యం అందించడంలో మరీ. నొప్పికి మార్ఫిన్ దొరికే చోటు అది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది. రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ వాళ్ళు మొదలుపెట్టారు, డబ్బు తీసుకోరు. చేర్చుకోవడంతో పాటు ఇళ్ళకు వచ్చి చూసే బృందాలు కూడా ఉన్నాయి. ఖరీదైన కార్పొరేట్ ఆసుపత్రిలో లక్షలు పోసినవాళ్ళు కూడా చివరికి ఇలాంటి చోటికి వచ్చి, ముందే వచ్చుంటే బాగుండేదని బాధపడటం నేను చూశాను.

తెలంగాణ జిల్లాల్లో ఉన్నవాళ్ళు ముందు జిల్లా ఆసుపత్రికి వెళ్ళి పాలియేటివ్ కేర్ సెంటర్ ఎక్కడుందో అడగండి. చేవెళ్ళలో మొదలైన ప్రయత్నం తర్వాత మిగతా జిల్లాలకు విస్తరించింది. ‘ఆలన’ పేరుతో ఇంటికొచ్చే వాహనాలు పెట్టారు. డాక్టర్ గానీ నర్సు గానీ ఫిజియోథెరపిస్ట్ గానీ వచ్చి చూస్తారు. మీ ఊరికి బండి ఏ రోజు వస్తుందో ఆశా వర్కర్‌కో ఏఎన్ఎంకో తెలిసే అవకాశం ఎక్కువ. మీ ఇంట్లో మంచానపడ్డ మనిషి ఉన్నారని వాళ్ళ రిజిస్టర్‌లో రాయించండి. పేరు ఎక్కకపోతే బండి మీ వీధికి రాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉత్తరాంధ్ర వాళ్ళకు విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరవుతుంది. అది టాటా మెమోరియల్ సంస్థకు చెందినది. మిగతా జిల్లాల వాళ్ళు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగంలో, లేదా మత్తు డాక్టర్లుండే అనస్థీషియా విభాగంలో అడగండి. నొప్పి క్లినిక్‌లు చాలాచోట్ల వాళ్ళే నడుపుతారు. ఈ సంగతి బయట ఎవరూ చెప్పరు. చిత్తూరు వైపు వాళ్ళకు వెల్లూరు సీఎంసీలో పాలియేటివ్ విభాగం ఉంది. అనంతపురం, హిందూపురం వైపు నుంచి వైద్యానికి ఎలాగూ బెంగళూరు వెళ్తుంటారు. అక్కడ కరుణాశ్రయ అనే హాస్పిస్‌లో చివరి దశ క్యాన్సర్ రోగులకు ఉచితంగా సేవ చేస్తారు.

ఇవేవీ మీకు దగ్గర కాకపోతే పాలియం ఇండియా అనే సంస్థ వెబ్‌సైట్ చూడండి. డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ 2003లో తిరువనంతపురం కేంద్రంగా స్థాపించిన సంస్థ. దేశంలోని పాలియేటివ్ కేంద్రాల జాబితాను రాష్ట్రాలవారీగా వాళ్ళు పెట్టారు.

ఫోన్ చేసినప్పుడు ఇవి అడగండి: మంచం ఖాళీ ఉందా, మా జబ్బు వాళ్ళను చేర్చుకుంటారా, మా ఏరియాకి ఇంటికి వస్తారా, మార్ఫిన్ ఇస్తారా, తోడుగా ఎంతమంది ఉండొచ్చు, రాత్రి డాక్టర్ ఉంటారా, ఖర్చెంత. “మార్ఫిన్ లేదు” అనే చోటు పేరుకు హాస్పిస్ అయినా నొప్పి ఉన్న రోగికి సరిపోదని నా అభిప్రాయం. వృద్ధాశ్రమాన్నీ, నర్సును పంపే ఏజెన్సీనీ హాస్పిస్ అనుకోకండి. అవి వేరు.

వీలైతే ముందు మీరొక్కరే వెళ్ళి చూసి రండి. వాసన వస్తోందా, రోగుల గోళ్ళూ నోళ్ళూ శుభ్రంగా ఉన్నాయా, ఆయమ్మలు రోగిని పేరుతో పిలుస్తున్నారా. ఈ మూడూ చూస్తే చాలు, ఆ చోటు ఎలాంటిదో అర్థమైపోతుంది.

మూడో పని: ఇంట్లోనా, అక్కడా

మన దగ్గర చాలామంది పెద్దవాళ్ళు సొంత ఇంట్లో, సొంత మంచం మీద పోవాలనుకుంటారు. కుదిరితే అదే మంచిది. కానీ సిటీలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళ కష్టం వేరు. “చివరి క్షణాలైతే ఇంట్లోకి తేవద్దు” అని ముఖం మీదే చెప్పే ఇంటి ఓనర్లున్నారు. ధనిష్ఠా పంచకం లాంటి నక్షత్ర దోషాల భయంతో ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందని వాళ్ళ గొడవ. ఇలాంటి పరిస్థితి ఉంటే దాన్ని చివరి రోజుదాకా నానబెట్టకండి. ఓనర్‌తో ముందే మాట్లాడండి. కుదరదంటే ఊరికి తీసుకెళ్ళాలా, హాస్పిస్‌లో చేర్చాలా అని మనిషి ఇంకా ప్రయాణం చేయగలిగే స్థితిలో ఉండగానే తేల్చుకోండి. ఆఖరి గంటల్లో అంబులెన్స్‌లో ఊరికి పరుగెత్తడం ఆ మనిషికి నరకం.

హాస్పిస్‌లో చేర్చడమంటే అక్కడే వదిలేయడం కాదు. నొప్పి అదుపులోకి వచ్చేదాకా పది రోజులు ఉండి ఇంటికి వచ్చేవాళ్ళుంటారు. చూసుకునేవాళ్ళు అలసిపోయి జ్వరం పడితే నాలుగు రోజులు చేర్చేవాళ్ళూ ఉంటారు. “కన్నతల్లిని ఆశ్రమంలో పడేశారు” అనే బంధువులు తప్పకుండా తయారవుతారు. వాళ్ళతో వాదించకండి. ఒక రాత్రి తోడు పడుకోమని పిలవండి.

నాలుగో పని: మార్ఫిన్ గురించి భయం వదిలించుకోవడం

ఇది కాస్త వివరంగా చెప్పాలి. మా పదకొండు రాత్రుల్లో సగం ఈ భయం వల్లే పోయాయి. మార్ఫిన్ పేరు మాకు అంతకుముందే వినపడింది, కానీ “అది మత్తుమందు, అలవాటైపోతుంది, అది ఇచ్చారంటే ఇక అయిపోయినట్టే” అని మా మావయ్య అనేసరికి మేం ఆ ఊసే ఎత్తలేదు.

నిజం ఏంటంటే, క్యాన్సర్ లాంటి తీవ్రమైన నొప్పికి డాక్టర్ లెక్కగా ఇచ్చే మార్ఫిన్‌తో ప్రాణం ముందే పోదు. నొప్పి కోసం సరైన మోతాదులో వాడేవాళ్ళకు వ్యసనంలా పట్టుకోవడం అరుదు. దాన్ని చావుకు ముందు చివర్లో ఇచ్చే మందుగా కూడా చూడకండి. నెలల తరబడి వాడుతూ వంట చేసుకున్నవాళ్ళు, మనవడి అన్నప్రాశనకు వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నారు.

మామూలు మెడికల్ షాపులో ఇది ఎందుకు దొరకదంటే, 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దీన్ని చాలా గట్టిగా కట్టడి చేసింది. ఆసుపత్రులు ఆ లైసెన్సుల గొడవకు భయపడి తెప్పించడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి, వైద్యానికి అవసరమైన మందుల విషయంలో దారి సులువు చేశారు. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దాన్ని ఉంచుకుని, తమ డాక్టర్ రాసిన చీటీ మీద ఇవ్వొచ్చు. అందుకే మీరు వెతకాల్సింది మార్ఫిన్ ఉన్న కేంద్రాన్ని, షాపును కాదు. వెళ్ళే ప్రతిసారీ పాత చీటీ, మిగిలిన మాత్రలు తీసుకెళ్ళండి. మందు నాలుగు రోజులకు సరిపడా మిగిలి ఉండగానే మళ్ళీ తెచ్చుకోండి, పండుగ సెలవులు వస్తే ఇంకా ముందే.

వాడేటప్పుడు తెలుసుకోవాల్సినవి కొన్ని. మామూలు మార్ఫిన్ మాత్ర పనితనం సుమారు నాలుగు గంటలు. కాబట్టి నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి. నొప్పి లేదు కదా అని ఒక పూట మానేస్తే అది మళ్ళీ తలెత్తి, అదుపులోకి రావడానికి రెట్టింపు కష్టం అవుతుంది. మధ్యలో పొడుచుకొచ్చే నొప్పికి అదనంగా ఎంత వేయొచ్చో డాక్టర్ చెబుతారు, చీటీ మీద రాయించుకోండి. మోతాదు మీరే పెంచడం, తగ్గించడం, ఒక్కసారిగా ఆపేయడం చేయకండి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు, వికారం ఉండొచ్చు, తర్వాత తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు. అందుకే మార్ఫిన్‌తో పాటు విరేచనానికి మందు మొదటి రోజు నుంచే ఇస్తారు. అది మానకండి. అమ్మ విషయంలో ఒకసారి మానేశాం, ఆ వారం నొప్పి కంటే అదే ఎక్కువ బాధ పెట్టింది.

లేపినా లేవనంత మగత, ఊపిరి చాలా నెమ్మదించడం, మూత్రం బాగా తగ్గిపోవడం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి. మాత్రల డబ్బా పిల్లలకు అందకుండా తాళంలో పెట్టండి. మింగలేనివాళ్ళకు చర్మానికి అతికించే పట్టీలు ఉంటాయి. పట్టీ మీద వేడినీళ్ళ సంచి పెట్టకూడదు, మందు ఒక్కసారిగా ఎక్కువగా లోపలికి పోతుంది.

నొప్పి ఎంతుందో డాక్టర్ పదికి ఎంత అని అడుగుతారు. మా అమ్మకి ఆ లెక్క అర్థం కాలేదు. ఆ కేంద్రంలో నర్సు “రూపాయిలో ఎన్నణాలుంది అత్తమ్మా?” అని అడిగింది. “పన్నెండణాలు” అంది వెంటనే. మూడు రోజులకు “నాలుగణాలే ఉంది” అంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా ఈ లెక్క వాడి చూడండి. ఒక నోట్‌బుక్‌లో రోజూ టైమ్, మాత్ర, ఎన్నణాల నొప్పి, విరేచనం అయిందా లేదా రాస్తూ ఉండండి. డాక్టర్‌కు ఆ నోట్‌బుక్ ఏ స్కాన్ కంటే కూడా ఎక్కువ చెబుతుంది.

ఐదో పని: ఇంట్లో చూసుకోవడం నేర్చుకోవడం

ఇంటికొచ్చే నర్సు చేతిలో పని మీరు చూస్తూ ఉండిపోకండి. ఒక్కొక్కటీ చేసి చూపించమనండి, తర్వాత ఆమె ముందే మీరు చేయండి. ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్‌లో జావ పోయడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం, మంచం మీదే దుప్పటి మార్చడం, అన్నీ నేర్చుకోగలిగినవే.

ఒళ్ళు ఒరిసి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఎయిర్ బెడ్ ఉన్నా సరే తిప్పాలి. ఎయిర్ బెడ్‌లు, వీల్‌చైర్లు కొన్ని సంస్థలు వాడుకుని తిరిగిచ్చే పద్ధతిలో ఇస్తాయి, కొనేముందు అడగండి. క్యాన్సర్ పుండు వాసన వస్తుంటే రోగి సిగ్గుతో ఎవరినీ దగ్గరికి రానివ్వరు. ఆ వాసనకు మందుంది. మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లడం పాలియేటివ్ నర్సులు నేర్పిస్తారు. నోటి క్యాన్సర్ వాళ్ళకు ఇది ఎంత పెద్ద ఊరటో చెప్పలేను. అగరొత్తులు వెలిగించి కప్పిపుచ్చకండి, పొగకు ఊపిరి ఆడదు.

ఆయాసానికి తల వైపు ఎత్తు పెట్టి, ముఖం మీదికి చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి, కిటికీ తెరవండి. చూడటానికి చిన్న పనే గానీ నిజంగా పనిచేస్తుంది.

తిండి దగ్గరే ఇళ్ళలో ఎక్కువ గొడవలు. “తినకపోతే బలం ఎలా వస్తుంది” అని కుక్కేస్తాం. చివరి దశలో ఒంటికి ఆకలి తగ్గిపోవడం జబ్బు లక్షణం. తినకపోవడం వల్ల చనిపోవడం లేదు, ఒళ్ళు ఆగిపోతోంది కాబట్టి తినడం లేదు. రెండు చెంచాల సగ్గుబియ్యం జావ, ఒక గుక్క మజ్జిగ, ఇష్టమైన మాగాయ రసం నాలుక మీద ఒక చుక్క, అంతే చాలు. సెలైన్ పెట్టించమని ఆర్ఎంపీని పిలవకండి. ఆ దశలో అది కాళ్ళకూ ఊపిరితిత్తులకూ నీరు చేరేలా చేసి ఆయాసం పెంచొచ్చు. దాని బదులు మెత్తని గుడ్డ తడిపి గంటకోసారి పెదవులు, నోరు తుడవండి.

చూసుకునే మనిషి ఒక్కరే అయితే ఆ ఒక్కరూ పడిపోతారు. మన ఇళ్ళలో అది కోడలో కూతురో అవుతుంది. అన్నదమ్ములంతా కూర్చుని వారాలు పంచుకోండి. దూరంగా ఉన్నవాళ్ళు డబ్బు పంపడంతో సరిపెట్టకుండా, వచ్చి రెండు వారాలు ఉండి ఆ చూసుకునే మనిషిని విశ్రాంతికి పంపించండి. మనసు బాగా కుంగితే టెలిమానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆరో పని: చెప్పాలా, వద్దా

“ఆమెకు తెలియనివ్వకండి డాక్టర్ గారూ” అని ఆసుపత్రి వరండాలో బతిమాలుకోవడం మన అలవాటు. ప్రేమతోనే చేస్తాం. కానీ ఫైలు మీద క్యాన్సర్ ఆసుపత్రి పేరుంటుంది, పక్క మంచాల వాళ్ళు మాట్లాడుకుంటుంటారు. రోగికి చాలాసార్లు తెలిసే ఉంటుంది. మనం దాస్తున్నామని తెలిసి, మన కోసం తామూ దాస్తారు. అలా ఇద్దరూ ఒంటరిగా ఏడుస్తారు.

నిజాన్ని మొత్తం ఒకేసారి మీద వేయనక్కర్లేదు. “డాక్టర్ గారు ఏమన్నారో నీకు చెప్పమంటావా అమ్మా?” అని అడగండి. “వద్దు, నువ్వే చూసుకో” అంటే అక్కడితో ఆగండి. “చెప్పు” అంటే చిన్న చిన్న మాటల్లో, అడిగినంతే చెప్పండి. “జబ్బు తగ్గించే మందులు ఇక పనిచేయడం లేదు, నొప్పి లేకుండా మాత్రం చూస్తామన్నారు” అనే మాటలో అబద్ధం లేదు, క్రూరత్వం లేదు. మీ వల్ల కాకపోతే పాలియేటివ్ డాక్టర్‌నే మాట్లాడమనండి, అది వాళ్ళ పనిలో భాగం.

నేను అడిగినప్పుడు అమ్మ కాసేపు గోడవైపు చూసి, “నాకు తెలుసులేవే. చిన్నోడి పెళ్ళి నగలు బ్యాంకులో ఉన్నాయి, ఆ సంగతి నాన్నకు చెప్పు” అంది. తర్వాత మూడు వారాల్లో ఆమె చెప్పాలనుకున్నవన్నీ చెప్పింది.

ఏడో పని: కాగితాలు

వెంటిలేటర్ పెట్టాలా, గుండె ఆగితే ఛాతీ నొక్కాలా, మళ్ళీ ఐసీయూకి తీసుకెళ్ళాలా అన్నవి రోగి మాట్లాడగలిగినప్పుడే అడిగి తెలుసుకోండి. దీన్ని రాతలో పెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరించుకుంటే చాలు. తన తరఫున నిర్ణయం తీసుకునే మనిషి పేరు కూడా అందులో రాయొచ్చు. నకలు చికిత్స చేసే డాక్టర్‌కు ఇవ్వండి. నొప్పికి మందివ్వడాన్నీ కారుణ్య మరణాన్నీ ఒకటనుకోకండి, రెండూ పూర్తిగా వేర్వేరు.

ఇంట్లో మరణం జరిగితే ధ్రువీకరణ ఎవరిస్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి. చివరి రోజుల్లో చూసిన డాక్టర్ మరణ కారణం రాసిస్తారు. ఇంట్లో జరిగిన మరణానికి ఫారం 4ఏ. దాంతో 21 రోజుల్లోపు పంచాయతీలో గానీ మున్సిపాలిటీలో గానీ నమోదు చేయించాలి. బీమాకి, పెన్షన్‌కి, బ్యాంకుకి అన్నిటికీ ఆ సర్టిఫికెట్టే అడుగుతారు. పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయించండి.

చివరి రెండు మూడు రోజులు

ఏం కనబడుతుందో ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఎక్కువసేపు నిద్ర. మింగలేకపోవడం. చేతులు, కాళ్ళు చల్లబడి చర్మం మీద ఊదారంగు మచ్చల్లా కనబడటం. మూత్రం తగ్గడం. ఊపిరి గబగబా ఆడి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలవడం. గొంతులో గరగర శబ్దం. ఆ శబ్దం మనకు భయంకరంగా వినిపిస్తుంది గానీ, దానివల్ల రోగి ఇబ్బంది పడుతున్నట్టు కాదని డాక్టర్లు చెబుతారు. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది, దానికి మందు కూడా ఉంది. చనిపోయిన తల్లిదండ్రులు కనిపిస్తున్నారని కొందరు మాట్లాడతారు. కాదని సరిచేయకండి.

అప్పుడు 108కి ఫోన్ చేయాలని చెయ్యి లాగుతుంది. చేస్తే ఆసుపత్రికి తీసుకెళ్తారు, ట్యూబులు వేస్తారు. ముందు అనుకున్నది ఇంట్లోనే అయితే పాలియేటివ్ నర్సుకు ఫోన్ చేయండి. ఆ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అతికించండి.

పలకరింపులకు వచ్చేవాళ్ళను ఇద్దరిద్దరిగా పంపండి. “అయ్యో, ఎలా ఉండేదానివి ఎలా అయిపోయావు” అని మంచం పక్కన ఏడవొద్దని గుమ్మం దగ్గరే చెప్పండి. స్పృహ లేనట్టున్నా వినబడే అవకాశం ఉంది. చెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలవండి, మామూలుగా మాట్లాడండి. విష్ణు సహస్రనామమో బైబిల్ వాక్యమో ఖురాన్ సూరానో, ఆ మనిషికి ఏది ఇష్టమో అది చిన్న సౌండ్‌తో పెట్టండి. తులసి తీర్థం పోయాలనుకుంటే గొంతులో పోయకుండా పెదవులు తడపండి, పొలమారుతుంది.

ఆ తర్వాత

పదకొండో రోజో పన్నెండో రోజో అయ్యాక మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఒక కవర్లో పెట్టి, ఇచ్చిన కేంద్రానికే తిరిగి తీసుకెళ్ళండి. చెత్తబుట్టలో వేయకండి, నొప్పి ఉందన్న పక్కింటివాళ్ళకు ఇవ్వకండి. ఎయిర్ బెడ్ కడిగి ఆరబెట్టి అదీ ఇచ్చేయండి, దానికోసం ఇంకో ఇల్లు ఎదురుచూస్తుంటుంది. వెళ్ళినప్పుడు గేటు దగ్గరే ఇచ్చి వచ్చేయకుండా లోపలికి వెళ్ళి, చూసుకున్న నర్సుతో కాసేపు కూర్చోండి. “ఆ రోజు నేను మాత్ర ఆలస్యంగా వేశాను, దానివల్లేనా?” లాంటి ప్రశ్న మీ లోపల ఉంటుంది, అడిగేయండి. నేను అడిగాను. ఆమె మా నోట్‌బుక్ తెరిచి, ఆ పేజీ నాతో పాటు చదివి, కాదని చెప్పింది.